ఫైలు ఎక్కడుందో ఎక్స్‌టెన్షన్‌కి ఎవరు చెప్పాలి? – జావా కోడ్ జనరేటర్లలో కాన్ఫిగరేషన్ లోడింగ్

అందరికీ నమస్కారం.

చాలామంది ఒక్క లైనులో అయిపోతుందనుకునే పని గురించి ఈ రోజు మాట్లాడతాను. జావాలో కోడ్ జనరేట్ చేసే టూల్ ఒకటి వాడుతుంటాం. అది ఇచ్చే కోడ్ మనకి పూర్తిగా సరిపోదు కాబట్టి దానికి సొంతంగా ఒక ఎక్స్‌టెన్షన్ రాసుకుంటాం. ఆ ఎక్స్‌టెన్షన్‌కి కొన్ని సెట్టింగులు కావాలి, వాటిని ఒక ఫైల్లో పెడతాం, ఆ ఫైలు చదవాలి. చదవడానికి నిజంగానే ఒక్క లైను చాలు. కానీ ఆ ఒక్క లైనే రాసినవాళ్ల దగ్గర చక్కగా నడుస్తుంది, పక్క టీమ్ దగ్గర ఆగిపోతుంది, బిల్డ్ సర్వర్ మీద ఏ ఎర్రరూ ఇవ్వకుండా తప్పుడు కోడ్ తయారుచేసి పెడుతుంది. ఈ మూడిట్లో నన్ను ఎక్కువ భయపెట్టేది మూడోది. ఎందుకో చెబుతాను.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుని దాంతోనే నడుద్దాం. ఓపెన్‌ఏపీఐ జనరేటర్ మీలో చాలామంది వాడే ఉంటారు. 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి విడిపోయి వచ్చిన ప్రాజెక్టు. ఒక వెబ్ సర్వీసు ఏమేం తీసుకుంటుందో, ఏమేం ఇస్తుందో రాసిన వివరణని స్పెసిఫికేషన్ అంటారు, అది ఇస్తే జావా క్లాసులు ఇస్తుంది. స్పెసిఫికేషన్‌లో ఒక ఫీల్డు నంబర్ అని, ఫార్మాట్ డబుల్ అని ఉంటే జావాలోనూ డబుల్ టైపే వస్తుంది. అయితే ఆ ఫీల్డులో ఉండేది డబ్బు అనుకోండి. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబ్బు లెక్కల్లో ఇది కుదరదు, దశాంశాల్ని కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ టైపు కావాలి. స్పెసిఫికేషన్ రాసింది వేరే టీమ్, దాన్ని మనం మార్చలేం. అందుకని ఏయే ఫీల్డులు బిగ్‌డెసిమల్ కావాలో ‘టైప్స్.యామల్’ అనే ఫైల్లో రాసిపెట్టి, మన ఎక్స్‌టెన్షన్ దాన్ని చదివి టైపులు మార్చేలా చేశాం. చిన్న పని. అవసరమైన పని కూడా.

ఇప్పుడు ఈ ఫైలు ఎక్కడుంది? ఎక్స్‌టెన్షన్‌కి అది ఎలా తెలుస్తుంది?

నేను చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే, అది ముందే చెప్పేస్తాను. ఎక్స్‌టెన్షన్ ఫైలు కోసం వెతుక్కోకూడదు. ఫైలు ఎక్కడుందో వాడేవాళ్లు టూల్‌కి చెప్పాలి, టూల్ దాన్ని ఎక్స్‌టెన్షన్‌కి అందించాలి. చెప్పిన చోట ఫైలు లేకపోతే ఎక్స్‌టెన్షన్ అక్కడే గట్టిగా ఆగిపోవాలి. ఇక మీదట చెప్పేవన్నీ ఇది ఎందుకు ఇంత ముఖ్యమో, పాటించడంలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పేవే.

మనం మామూలుగా రాసే ప్రోగ్రామ్‌కీ ఎక్స్‌టెన్షన్‌కీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఎక్స్‌టెన్షన్‌కి మెయిన్ మెథడ్ మన చేతిలో లేదు. మనల్ని ఎవరో పిలుస్తారు. కమాండ్ లైన్ నుంచి పిలవచ్చు, మేవెన్ అనే బిల్డ్ టూల్ ప్లగిన్ లోపలి నుంచి పిలవచ్చు, గ్రేడిల్ అనే ఇంకో బిల్డ్ టూల్ వెనకాల నడిపే డీమన్ ప్రాసెస్‌లోంచి పిలవచ్చు, మనం కోడ్ రాసుకునే ఐడీఈ పిలవచ్చు. ఎవరు పిలిచారన్న దాన్ని బట్టి రెండు విషయాలు మారిపోతాయి. ఒకటి వర్కింగ్ డైరెక్టరీ, అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో నడుస్తున్నట్టు లెక్కో అది. రెండోది క్లాస్ లోడర్, అంటే క్లాసుల్నీ వాటితో పాటున్న ఫైళ్లనీ వెతికి తెచ్చే జావా భాగం. పూర్తి పాత్ ఇవ్వకుండా ఫైలు చదివే ప్రతి లైనూ ఈ రెండింట్లో ఏదో ఒకదాని మీదే ఆధారపడుతుంది.

ముందు వర్కింగ్ డైరెక్టరీ సంగతి చూద్దాం. కోడ్‌లో ఫైలు పేరు మాత్రమే ఇచ్చి, పూర్తి పాత్ ఇవ్వకుండా తెరిస్తే, జావా దాన్ని ‘యూజర్.డిర్’ అనే సిస్టమ్ ప్రాపర్టీలో ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెడుతుంది. మేవెన్‌లో అది కమాండ్ కొట్టిన ఫోల్డర్. ఒకే మాడ్యూల్ ఉన్న ప్రాజెక్టులో ఏ తేడా తెలియదు. పది మాడ్యూళ్లున్న ప్రాజెక్టులో పై ఫోల్డర్ నుంచి బిల్డ్ నడిపితే, ప్రతి మాడ్యూల్‌కీ వర్కింగ్ డైరెక్టరీ ఆ పై ఫోల్డరే. మాడ్యూల్ లోపల ఉన్న టైప్స్.యామల్ దొరకదు. అదే మాడ్యూల్ ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే దొరుకుతుంది.

ఇంకో మెలిక ఉంది. మేవెన్‌లో యూనిట్ టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ మామూలుగా టెస్టుల కోసం వేరే జేవీఎం, అంటే ఇంకో జావా ప్రాసెస్, తెరుస్తుంది, దానికి వర్కింగ్ డైరెక్టరీగా ఆ మాడ్యూల్ ఫోల్డర్‌నే ఇస్తుంది. కాబట్టి మన ఎక్స్‌టెన్షన్‌కి మనం రాసిన టెస్టులు పై ఫోల్డర్ నుంచి నడిపినా పాస్ అవుతాయి. అసలు జనరేషన్ మాత్రం ఫెయిల్ అవుతుంది. టెస్టులు పచ్చగా ఉన్నాయి కాబట్టి తప్పు మనది కాదనుకుని, అందరూ వేరే చోట వెతకడం మొదలుపెడతారు. ఎన్నో గంటలు అలా పోతాయి.

గ్రేడిల్‌లో ఇంకాస్త చిక్కు. 2016లో వచ్చిన 3.0 నుంచి డీమన్ డిఫాల్ట్‌గా నడుస్తోంది. అంటే మనం కమాండ్ కొట్టకముందే మొదలై ఉండగలిగే, బిల్డ్ అయిపోయాక కూడా బతికే ప్రాసెస్ అది. దాని వర్కింగ్ డైరెక్టరీ మన సబ్‌ప్రాజెక్టు ఫోల్డరే అని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. డీమన్ బతికే ఉంటుంది కాబట్టి, క్లాసులు మళ్లీ లోడ్ కాకపోతే స్టాటిక్ ఫీల్డుల్లో దాచుకున్నవి కూడా తర్వాతి బిల్డ్‌కి మిగిలిపోవచ్చు. కాన్ఫిగరేషన్‌ని స్టాటిక్ ఫీల్డులో పెట్టుకున్నామా, ఫైలు మార్చినా పాత విలువలే కనిపించే రోజు ఒకటి వస్తుంది.

అందుకే రిలేటివ్ పాత్‌ని, అంటే పూర్తిగా ఇవ్వని పాత్‌ని, ఎక్స్‌టెన్షన్ తనంతట తాను అర్థం చేసుకోబోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. మేవెన్‌కి ప్రాజెక్ట్ బేస్‌డిర్ తెలుసు, గ్రేడిల్‌కి ప్రాజెక్టు ఫోల్డర్ తెలుసు. పూర్తి పాత్ కట్టి ఇవ్వడం వాళ్ల పని. ఎక్స్‌టెన్షన్‌కి రిలేటివ్ పాత్ వస్తే, దాన్ని ఒప్పుకోకుండా ‘పూర్తి పాత్ ఇవ్వండి’ అని తిప్పి పంపడమే మర్యాద. కొందరికి ఇది కఠినంగా అనిపించొచ్చు. నాకైతే ఊహించి చదవడం కంటే ఇదే నయం.

‘పాత్ గొడవే వద్దు, ఫైలు క్లాస్‌పాత్‌లో పెట్టేద్దాం’ అనే మాట ఈ దశలో తప్పకుండా వస్తుంది. క్లాస్‌పాత్ అంటే జావా తన క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితా. వినడానికి బాగుంటుంది. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అసలు తికమక అంతా ఇందులోనే ఉంది.

నిజానికి మన దగ్గర రెండు రకాల ఫైళ్లున్నాయి. మొదటిది ఎక్స్‌టెన్షన్‌తో పాటు మనమే పంపే డిఫాల్ట్ ఫైలు. అది మన కోడ్‌ని మూట కట్టిన జార్ ఫైల్లోనే ఉంటుంది, మన కోడ్‌తో పాటే మారుతుంది. రెండోది వాడేవాళ్ల ప్రాజెక్టులో ఉండే ఫైలు. అది వాళ్లది, వాళ్ల కోడ్‌తో పాటు వెర్షన్ కంట్రోల్‌లో ఉంటుంది. మొదటిది క్లాస్‌పాత్ నుంచి చదవాలి, రెండోది ఫైల్ సిస్టమ్ నుంచి చదవాలి. ఈ రెండింటినీ ఒకే మెథడ్‌తో చదవబోతేనే కష్టాలు మొదలవుతాయి.

వాడేవాళ్ల ఫైలు క్లాస్‌పాత్‌లో ఎందుకు దొరకదో చూడండి. మేవెన్‌లో ప్రతి ప్లగిన్‌కీ విడిగా ఒక క్లాస్ లోడర్ ఉంటుంది, వాళ్ల భాషలో క్లాస్ రియల్మ్. ప్రాజెక్టు డిపెండెన్సీలు గానీ, ప్రాజెక్టు రిసోర్సెస్ ఫోల్డర్ గానీ అందులో ఉండవు. అందుకే మన ఎక్స్‌టెన్షన్ జార్‌ని ప్రాజెక్టు డిపెండెన్సీల్లో పెడితే ఓపెన్‌ఏపీఐ ప్లగిన్‌కి అది కనిపించదు. ప్లగిన్ ట్యాగ్ లోపల ఉండే డిపెండెన్సీల్లో పెట్టాలి. జార్ అక్కడ పెట్టగానే అది దొరుకుతుంది, జార్‌లో ఉన్న డిఫాల్ట్ ఫైలూ దొరుకుతుంది. వాడేవాళ్ల ‘సోర్స్/మెయిన్/రిసోర్సెస్’లో ఉన్న టైప్స్.యామల్ మాత్రం దొరకదు.

పోనీ ఎలాగో ప్రాజెక్టు అవుట్‌పుట్ ఫోల్డర్‌ని కూడా కలిపామనుకుందాం. అప్పుడు కాలం అడ్డొస్తుంది. మేవెన్ లైఫ్‌సైకిల్‌లో జనరేట్-సోర్సెస్ దశ ముందు వస్తుంది, రిసోర్స్ ఫైళ్లను టార్గెట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసే ప్రాసెస్-రిసోర్సెస్ దశ తర్వాత వస్తుంది. అంటే మన ఎక్స్‌టెన్షన్ నడిచే సమయానికి ఆ ఫైలు ఇంకా అక్కడికి చేరలేదు. క్లీన్ చేయకుండా బిల్డ్ చేస్తే నిన్నటి బిల్డ్‌లో మిగిలిన కాపీ దొరుకుతుంది. క్లీన్ చేస్తే ఏమీ దొరకదు. బిల్డ్ సర్వర్ మామూలుగా ఖాళీ ఫోల్డర్‌తో మొదలవుతుంది కాబట్టి, డెవలపర్ దగ్గర నడిచింది అక్కడ నడవదు. నిన్నటి కాపీ దొరకడం ఇంకా చెడ్డది. మార్చిన విలువ ఒక బిల్డ్ ఆలస్యంగా అమల్లోకి వస్తుంది.

ఇక మన జార్‌లోని డిఫాల్ట్ ఫైలు దగ్గరకు వద్దాం. ఇది క్లాస్‌పాత్ పనే, కానీ ఇక్కడా రెండు మూడు జాగ్రత్తలున్నాయి. క్లాస్ మీద ‘గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్’ పిలిస్తే, ముందు స్లాష్ లేని పేరుని ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీ నుంచి వెతుకుతుంది. స్లాష్ ఉంటే మొదలు నుంచి వెతుకుతుంది. అదే మెథడ్‌ని క్లాస్ లోడర్ మీద పిలిస్తే ఎప్పుడూ మొదలు నుంచే, అక్కడ ముందు స్లాష్ పెట్టకూడదు. దొరక్కపోతే రెండూ ఎక్సెప్షన్ ఇవ్వవు, నల్, అంటే ‘ఏమీ లేదు’ అనే విలువ, ఇస్తాయి. ఆ నల్‌ని పట్టించుకోకుండా తర్వాతి లైనుకి వెళితే, అక్కడెక్కడో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చి ఫైలు పేరు కూడా కనబడకుండా పోతుంది.

ఏ క్లాస్ లోడర్‌ని అడగాలి? థ్రెడ్‌కి ఒక కాంటెక్స్ట్ క్లాస్ లోడర్ ఉంటుంది, చాలా ట్యుటోరియళ్లు దాన్నే వాడమంటాయి. మన సొంత జార్‌లోని ఫైలుకి అది అక్కర్లేదు. మన క్లాసుని లోడ్ చేసిన లోడర్‌కి మన జార్ ఖాయంగా తెలుసు, దాన్నే అడగాలి. కాంటెక్స్ట్ లోడర్ థ్రెడ్‌ని బట్టి మారుతుంది. ఉదాహరణకి, పని వేగంగా అవుతుందని ప్యారలల్ స్ట్రీమ్ వాడామనుకోండి. అది పనిని కామన్ పూల్ అనే థ్రెడ్ల గుంపుకి పంచుతుంది, జావా 9 నుంచి ఆ పూల్‌లోని థ్రెడ్లకి కాంటెక్స్ట్ లోడర్‌గా సిస్టమ్ క్లాస్ లోడర్ ఉంటుంది. మేవెన్ లోపల నడుస్తున్నప్పుడు సిస్టమ్ లోడర్‌కి మన జార్ సంగతే తెలియదు. ఒకే మెథడ్ మెయిన్ థ్రెడ్‌లో ఫైలు తెచ్చి, పూల్ థ్రెడ్‌లో నల్ తెస్తుంది.

ఇంకో అలవాటు గురించి కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇది ఎన్నోసార్లు కనిపిస్తుంది. రిసోర్స్ యూఆర్ఎల్ తీసుకుని, దాని మీద ‘గెట్‌ఫైల్’ పిలిచి, వచ్చిన స్ట్రింగ్‌తో ఫైల్ ఆబ్జెక్ట్ చేయడం. ఐడీఈలో క్లాసులు మామూలు ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి ఇది నడుస్తుంది. జార్ కట్టాక ఆ స్ట్రింగ్ జార్ ఫైలు పాత్, ఆ తర్వాత ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత లోపలి పాత్ అన్నట్టు వస్తుంది. అలాంటి ఫైలు డిస్క్ మీద లేదు. జార్ లేకపోయినా, ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే యూఆర్ఎల్‌లో అది శాతం గుర్తు, ఇరవైగా మారిపోతుంది, ఫైలు దొరకదు. యూఆర్ఎల్‌ని యూఆర్ఐ చేసి పాత్‌గా మార్చబోతే, జార్ విషయంలో ఫైల్‌సిస్టమ్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్ వస్తుంది. ఈ మార్గాలన్నీ వదిలేసి స్ట్రీమ్‌గా చదివేస్తే గొడవే లేదు. డిస్క్ మీద నిజమైన ఫైలే కావాలనే లైబ్రరీ ఏదైనా ఉంటే, స్ట్రీమ్‌ని ఒక టెంపరరీ ఫైల్లోకి కాపీ చేసి దాని పాత్ ఇవ్వండి.

ఇప్పుడు వాడేవాళ్ల ఫైలు పాత్‌ని ఎక్స్‌టెన్షన్‌కి అందించే దారి. ప్రతి టూల్‌కీ ఒక అధికారిక దారి ఉంది, ముందు దాన్ని తెలుసుకోవాలి. సిస్టమ్ ప్రాపర్టీ అనో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనో సొంత దారి కనిపెట్టకూడదు. బిల్డ్ ఫైలు చదివినవాళ్లకి అవి కనిపించవు.

ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌లో ఆ దారి అడిషనల్ ప్రాపర్టీస్. కమాండ్ లైన్‌లో మైనస్ పీతో ఇవ్వచ్చు, మైనస్ సీతో ఇచ్చే జేసన్ లేదా యామల్ ఫైల్లో పెట్టచ్చు, మేవెన్ ప్లగిన్‌లో కాన్ఫిగ్ ఆప్షన్స్ కింద రాయచ్చు. ఎలా ఇచ్చినా చివరికి అదే మ్యాప్‌లోకి వస్తుంది. మనం ‘టైప్స్‌ఫైల్’ అనే ఒక ఆప్షన్ పెట్టుకుని, దాన్ని సీఎల్ఐ ఆప్షన్స్ జాబితాలో చేరిస్తే కాన్ఫిగ్-హెల్ప్ కమాండ్‌లో కూడా కనిపిస్తుంది. ఆ పని తప్పకుండా చేయండి. డాక్యుమెంటేషన్ చదవనివాళ్లు కూడా హెల్ప్ కమాండ్ కొడతారు.

ఇక్కడ ఎప్పుడు చదవాలన్నది చాలా ముఖ్యం. కన్‌స్ట్రక్టర్‌లో చదవకూడదు. రెండు కారణాలున్నాయి. కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పటికి వాడేవాళ్లు ఇచ్చిన ఆప్షన్లు ఇంకా మ్యాప్‌లోకి రాలేదు, అవి వచ్చాక పిలిచేది ‘ప్రాసెస్ ఆప్ట్స్’ మెథడ్. రెండో కారణం ఇంకా సూక్ష్మం. ఈ టూల్ జనరేటర్లను జావా 6లో వచ్చిన సర్వీస్‌లోడర్‌తో కనుక్కుంటుంది. పేరు సరిపోయే జనరేటర్ దొరికేదాకా ఒక్కొక్కదాన్నీ సృష్టించి పేరు అడుగుతూ పోతుంది. అంటే మన ఎక్స్‌టెన్షన్‌ని ఎవరూ అడగకపోయినా మన కన్‌స్ట్రక్టర్ నడవచ్చు. అందులో ఫైలు చదవబోయి ఎక్సెప్షన్ విసిరితే, మనతో ఏ సంబంధమూ లేని వేరే జనరేటర్ వాడుతున్నవాళ్ల బిల్డ్ ఆగిపోతుంది. కన్‌స్ట్రక్టర్‌లో డిఫాల్ట్ విలువలు, పేర్లు తప్ప ఏమీ ఉండకూడదు.

కమాండ్ లైన్ వాడేవాళ్లకి ఒక చిన్న మాట. జావా కమాండ్‌కి మైనస్ జార్ ఇస్తే మైనస్ సీపీతో ఇచ్చిన క్లాస్‌పాత్‌ని అది పట్టించుకోదు. ఎక్స్‌టెన్షన్ జార్, టూల్ జార్ రెండూ మైనస్ సీపీలో పెట్టి, మెయిన్ క్లాస్ పేరు విడిగా చెప్పాలి. ‘నా కాన్ఫిగ్ లోడ్ కావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఎక్స్‌టెన్షనే లోడ్ కాకపోవడం.

డేటాబేస్ టేబుళ్ల నుంచి కోడ్ తయారుచేసే మైబాటిస్ జనరేటర్‌లో కాన్ఫిగరేషన్ ఎక్స్ఎంఎల్‌లో ప్లగిన్ ట్యాగ్ కింద ప్రాపర్టీ ట్యాగులు రాస్తే, అవి ‘సెట్ ప్రాపర్టీస్’ ద్వారా మనకి అందుతాయి. ఆ తర్వాత ‘వ్యాలిడేట్’ మెథడ్ పిలుస్తారు. దానికి వార్నింగుల జాబితా ఒకటి ఇస్తారు, ఫైలు తెరిచి చూడాల్సింది అక్కడే. అయితే వ్యాలిడేట్ ఫాల్స్ ఇస్తే టూల్ ఆగదు, మన ప్లగిన్‌ని పక్కన పెట్టి ముందుకు సాగిపోతుంది. డబ్బు ఫీల్డుల్లాంటి విషయాల్లో ఇది నాకు సరిపోదు. అలాంటి చోట ఫాల్స్ ఇవ్వడం కంటే ఎక్సెప్షన్ విసరడమే సరైనదని నా అభిప్రాయం.

ఎక్స్ఎంఎల్ స్కీమా నుంచి జావా క్లాసులు చేసే టూల్, జాక్స్‌బీ వాళ్ల ఎక్స్‌జేసీలో ప్లగిన్ క్లాస్‌కి ‘పార్స్ ఆర్గ్యుమెంట్’ మెథడ్ ఉంటుంది. కమాండ్ లైన్‌లోని ఎన్ని ఆర్గ్యుమెంట్లు తాను తీసుకుందో ఆ సంఖ్య తిరిగి ఇవ్వాలి, తనది కాకపోతే సున్నా ఇవ్వాలి. ఆ సంఖ్య తప్పితే పక్క ప్లగిన్ ఆర్గ్యుమెంట్ మనం మింగేస్తాం.

కంపైల్ అయ్యేటప్పుడు కోడ్‌లోని యానొటేషన్లు చూసి కొత్త కోడ్ తయారుచేసే యానొటేషన్ ప్రాసెసర్ల కథ కొంచెం వేరు. అక్కడ మైనస్ పెద్ద ఎ అక్షరంతో ఇచ్చే ఆప్షన్లే దారి. ‘సపోర్టెడ్ ఆప్షన్స్’ యానొటేషన్‌లో వాటి పేర్లు ప్రకటించాలి. ఆప్షన్ వదిలేసి, కంపైలర్ ఇచ్చే ఫైలర్ అనే ఆబ్జెక్ట్ ద్వారా క్లాస్ అవుట్‌పుట్‌లో కాన్ఫిగ్ వెతికే ప్రాసెసర్లు కొన్ని ఉంటాయి. మేవెన్‌లో రిసోర్సులు, క్లాసులు రెండూ ఒకే టార్గెట్/క్లాసెస్ ఫోల్డర్‌లోకి వెళతాయి, కంపైల్‌కి ముందే రిసోర్సులు చేరుతాయి, కాబట్టి అక్కడ దొరుకుతుంది. గ్రేడిల్‌లో క్లాసుల ఫోల్డర్ వేరు, రిసోర్సుల ఫోల్డర్ వేరు. అదే ప్రాసెసర్ అక్కడ దొరకలేదంటుంది. ఇదంతా అదృష్టం మీద నడిచే కోడ్. ఆప్షన్‌లో పాత్ తీసుకుంటే రెండిట్లోనూ ఒకేలా నడుస్తుంది.

గెటర్లు, సెటర్ల లాంటి కోడ్‌ని మన బదులు చేర్చే లాంబోక్ దారి ఇంకోటి. లాంబోక్.కాన్ఫిగ్ అనే ఫైలుని సోర్స్ ఫైలున్న ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో ఫోల్డర్‌లో వెతుకుతూ పోతుంది. స్టాప్ బబ్లింగ్ అని రాసిన చోట ఆగుతుంది. నేను వెతకొద్దన్నాను కదా, మరి ఇదేమిటని మీరు అడగొచ్చు. తేడా ఉంది. వాళ్లు వెతికే నియమం స్పష్టంగా రాసి ఉంది, వర్కింగ్ డైరెక్టరీ మీద ఆధారపడదు, ఎక్కడ ఆగాలో వాడేవాళ్లే చెప్పగలరు. అంత పని చేసి, దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టగలిగితే వెతకండి. ఒక టీమ్ కోసం రాసుకునే ఎక్స్‌టెన్షన్‌కి అంత అక్కర్లేదు. జార్‌లో ఒక డిఫాల్ట్, దాని మీద వాడేవాళ్ల ఫైలు ఒకటి, ఈ రెండు పొరలు చాలు. మూడో పొర వచ్చిందంటే ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టమైపోతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన భయం దగ్గరకు వస్తున్నాను. ఫైలు దొరకలేదు. ఏం చేయాలి? చాలా కోడ్‌లో కనిపించేది ఇది: ఎక్సెప్షన్ పట్టుకుని, లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి, డిఫాల్ట్ విలువలతో ముందుకు పోవడం. మామూలు అప్లికేషన్లో ఇది ఒక్కోసారి సబబే. కోడ్ జనరేటర్‌లో మాత్రం ఇది ప్రమాదం. మన ఉదాహరణలో టైప్స్.యామల్ దొరక్కపోతే డబ్బు ఫీల్డులు డబుల్‌గా వస్తాయి. ఆ ఫీల్డుల్ని వాడే కోడ్ ఇంకా రాయని కొత్త ప్రాజెక్టు అయితే కంపైలర్ ఏమీ అనదు. జనరేట్ అయిన కోడ్‌ని ఎవరూ రివ్యూ చేయరు. వార్నింగ్ వేల లైన్ల బిల్డ్ లాగ్‌లో ఎక్కడో ఉండిపోతుంది. లెక్కలో తేడా నెలల తర్వాత ఇంకెవరో కనిపెడతారు, అప్పటికి కారణం వెనక్కి వెతుక్కుంటూ బిల్డ్ దాకా రావడం ఎవరి తరమూ కాదు. అందుకే చెబుతున్నాను: వాడేవాళ్లు ఆప్షన్ ఇవ్వకపోతే డిఫాల్ట్ వాడండి, తప్పులేదు. ఆప్షన్ ఇచ్చి, ఆ ఫైలు లేకపోతే బిల్డ్ ఆపేయండి. ఈ రెండూ వేర్వేరు పరిస్థితులు. వీటిని ఒకే నల్ చెక్‌లో కలిపేయడమే అసలు తప్పు.

ఆపేటప్పుడు ఇచ్చే మెసేజ్ మీద కూడా శ్రద్ధ పెట్టండి. ‘ఫైలు దొరకలేదు’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఆప్షన్‌లో, ఏ విలువ వచ్చింది, దాన్ని ఏ పూర్తి పాత్‌గా అర్థం చేసుకున్నాం, ఇవన్నీ అందులో ఉండాలి. ‘టైప్స్‌ఫైల్ ఆప్షన్‌లో ఇచ్చిన ఫైలు లేదు: /వర్క్/ఆర్డర్స్/కాన్ఫిగ్/టైప్స్.యామల్’ అని వస్తే, చూసినవాళ్లు అర నిమిషంలో సరిచేసుకుంటారు. సక్సెస్ అయినప్పుడు కూడా ఒక లైను రాయండి, ఏ ఫైలు చదివాం, అందులో ఎన్ని ఎంట్రీలున్నాయి అని. సున్నా ఎంట్రీలు అని కనబడితే ఎవరో ఒకరు ఆగి చూస్తారు.

ఫైలు దొరికాక లోపల ఉన్నదాన్ని చదవడంలో వచ్చేవి త్వరగా చెప్పేస్తాను. యామల్‌ని స్నేక్‌యామల్ లైబ్రరీతో చదివితే అది యామల్ 1.1 నియమాల ప్రకారం నడుస్తుంది. ‘నో’, ‘ఆన్’, ‘ఆఫ్’ లాంటి మాటలకి కోట్స్ లేకపోతే బూలియన్లుగా తీసుకుంటుంది. ఒక ఫీల్డు పేరే ‘నో’ అయితే, మన టేబుల్లో ఆ కీ స్ట్రింగ్ కాకుండా ఫాల్స్ అయి కూర్చుంటుంది, మ్యాచ్ కాదు. అదే ఫైలు జాక్సన్ అనే ఇంకో లైబ్రరీతో చదివితే కీ స్ట్రింగ్‌గానే వస్తుంది. వెర్షన్ 1.10 అని కోట్స్ లేకుండా రాస్తే 1.1 అయిపోతుంది. తెలియని కీలు వస్తే జాక్సన్ 2 డిఫాల్ట్‌గా ఎర్రర్ ఇస్తుంది, ఆ డిఫాల్ట్‌ని దయచేసి ఆఫ్ చేయకండి. స్పెల్లింగ్ తప్పిన కీ అంటే దొరకని ఫైలు లాంటిదే.

ప్రాపర్టీస్ ఫైలు వాడితే ఇన్‌పుట్ స్ట్రీమ్ ఇచ్చే లోడ్ మెథడ్ ఎప్పుడూ ఐఎస్ఓ 8859-1గానే చదువుతుంది. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు కాబట్టి ఒక్కో అక్షరం మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతుంది. జావా 9లో రిసోర్స్ బండిళ్లు యూటీఎఫ్-8కి మారాయి, జావా 18లో డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది, కానీ ఈ మెథడ్ మారలేదు. రీడర్ తీసుకునే లోడ్ మెథడ్ జావా 6 నుంచీ ఉంది, ఎన్‌కోడింగ్ చెప్పి దాన్ని వాడండి. విండోస్ పాత్‌లు ప్రాపర్టీస్‌లో రాసేవాళ్లు బ్యాక్‌స్లాష్‌తో జాగ్రత్త, దాని తర్వాత టీ వస్తే ట్యాబ్, ఎన్ వస్తే కొత్త లైను అవుతుంది.

చదివినదాన్ని హ్యాష్‌మ్యాప్‌లో పెట్టుకుని, ఆ వరసలోనే కోడ్ జనరేట్ చేయకండి. హ్యాష్‌మ్యాప్ ఏ వరసకీ హామీ ఇవ్వదు. ఫైల్లో రాసిన వరస కావాలంటే లింక్‌డ్ హ్యాష్‌మ్యాప్ ఉంది. ఇన్‌పుట్ మారకుండా అవుట్‌పుట్ మారితే, డిఫ్ చూసేవాళ్లకి నరకం.

లైబ్రరీ వెర్షన్ల గొడవ ఒకటుంది. స్నేక్‌యామల్ 2.0 2023లో వచ్చింది. అంతకుముందు డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ యామల్‌లో రాసిన ఏ జావా క్లాసునైనా సృష్టించేసేది, ఆ భద్రతా లోపం సీవీఈ-2022-1471గా నమోదైంది, 2.0లో దాన్ని మూసేశారు. ఆ క్రమంలో కొన్ని పాత కన్‌స్ట్రక్టర్లు తీసేశారు. మన ఎక్స్‌టెన్షన్ 1.x మీద కంపైల్ అయి, టూల్‌లో 2.x ఉంటే, నో సచ్ మెథడ్ ఎర్రర్ వస్తుంది. దీనికి రెండే దారులు. టూల్ తెచ్చిన వెర్షన్‌నే వాడుకోవడం, లేదా మన కాపీని షేడ్ చేసి, అంటే మన జార్‌లోనే కలిపేసి, ప్యాకేజీ పేరు మార్చుకోవడం. షేడ్ చేస్తే, సర్వీస్‌లోడర్ చదివే మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్‌లోని ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోకుండా, వాటిని కలిపే ట్రాన్స్‌ఫార్మర్‌ని పెట్టుకోవాలి. లేకపోతే కొన్ని ఎక్స్‌టెన్షన్లు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి.

ఇంకొక్క విషయం, దీన్ని చాలామంది వదిలేస్తారు. కాన్ఫిగ్ ఫైలు కూడా జనరేషన్‌కి ఇన్‌పుటే, స్పెసిఫికేషన్ ఎంత ఇన్‌పుటో ఇదీ అంతే. కానీ బిల్డ్ టూల్‌కి ఆ సంగతి మనం చెబితేనే తెలుస్తుంది. గ్రేడిల్ టాస్క్ ఇన్‌పుట్లు మారకపోతే ‘అప్-టు-డేట్’ అని దాటేస్తుంది. టైప్స్.యామల్‌ని ఆ టాస్క్ ఇన్‌పుట్లలో చేర్చకపోతే, మీరు ఫైలు మార్చినా పాత కోడే ఉంటుంది. బిల్డ్ ఫైల్లో ఆ టాస్క్ ఇన్‌పుట్స్‌కి ఈ ఫైలు కలపడం ఒక్క లైను పని. ఓపెన్‌ఏపీఐ మేవెన్ ప్లగిన్‌లో ‘స్కిప్ ఇఫ్ స్పెక్ ఈజ్ అన్‌ఛేంజ్‌డ్’ అనే ఆప్షన్ ఉంది. అది స్పెసిఫికేషన్ మారిందా అని మాత్రమే చూస్తుంది. సొంత కాన్ఫిగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్‌తో దాన్ని ఆన్ చేయకండి. యానొటేషన్ ప్రాసెసర్‌కి గ్రేడిల్ నుంచి పాత్ పంపేటప్పుడు స్ట్రింగ్‌గా కాకుండా కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్ ప్రొవైడర్‌తో పంపితే, ఫైలు ఇన్‌పుట్‌గా నమోదవుతుంది, పూర్తి పాత్ మెషిన్‌కో రకంగా ఉన్నా బిల్డ్ క్యాష్ పాడవదు.

చివరిగా, దీన్నంతా ఎలా టెస్ట్ చేయాలి. యూనిట్ టెస్టులు ఉండాలి, కానీ ఈ సమస్యల్లో చాలావరకు వాటికి చిక్కవు, ఎందుకో ష్యూర్‌ఫైర్ దగ్గర చూశాం. ఎక్స్‌టెన్షన్‌ని జార్‌గా కట్టండి. పేరులో ఖాళీ ఉన్న ఒక ఫోల్డర్‌లో రెండు మాడ్యూళ్ల చిన్న ప్రాజెక్టు పెట్టండి. పై ఫోల్డర్ నుంచి ఒకసారి, మాడ్యూల్ లోపలి నుంచి ఒకసారి క్లీన్ బిల్డ్ నడిపి, రెండు సార్లూ వచ్చిన కోడ్‌ని బైట్ బైట్ పోల్చండి. తర్వాత టైప్స్.యామల్‌లో ఒక విలువ మార్చి, క్లీన్ చేయకుండా నడిపి, అవుట్‌పుట్ మారిందో లేదో చూడండి. ఆ తర్వాత ఫైలు తీసేసి నడపండి. బిల్డ్ ఆగాలి, మెసేజ్‌లో పూర్తి పాత్ కనిపించాలి. ఈ టెస్టుని ఎక్స్‌టెన్షన్ రిపాజిటరీలోనే పెట్టి, టూల్ వెర్షన్ పెంచిన ప్రతిసారీ నడపండి. మేవెన్ వాళ్లకి ఇన్వోకర్ ప్లగిన్ ఉంది, గ్రేడిల్ వాళ్లకి టెస్ట్‌కిట్ ఉంది, రెండూ సరిగ్గా ఇలాంటి పనికోసమే చేసినవి.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. మీరు వాడే టూల్ నేను చెప్పినవాటిలో లేకపోతే దాని గురించే ముందు అడగండి.